వియన్నాలో కేకు ఒకచోట, కుర్చీ ఇంకోచోట

మొదటిసారి వియన్నా వెళ్లినప్పుడు నాకు దొరికింది ఒక్క మధ్యాహ్నం. అందులో నలభై నిమిషాలు పేరున్న ఒక కాఫీహౌస్ ముందు చలిలో క్యూలో నిలబడ్డాను. తీరా లోపలికి వెళ్లాక కేకు, కాఫీ తెప్పించుకుని, తలుపు దగ్గర మా బల్ల ఎప్పుడు ఖాళీ అవుతుందా అని చూస్తున్నవాళ్ల ముఖాలు కనబడుతుంటే గబగబా తినేసి బయటపడ్డాను. కేకు రుచి గుర్తులేదు. కూర్చున్న తృప్తీ లేదు.

రెండోసారి అమ్మతో వెళ్లాను. నాలుగు రోజులున్నాం. అప్పుడు అర్థమైంది, నేను మొదటిసారి రెండు వేర్వేరు పనుల్ని ఒకేచోట కానిచ్చేద్దామనుకున్నానని. వియన్నాలో కొండిటొరై అంటే తినడానికి వెళ్లే చోటు. మన మాటల్లో మిఠాయి కొట్టే అనుకోండి. కాఫీహౌస్ అంటే కూర్చోవడానికి వెళ్లే చోటు. మడత కాజా కోసం తాపేశ్వరం వెళతాం, పూతరేకుల కోసం ఆత్రేయపురం వెళతాం. కానీ ఆ కొట్లో కూర్చుని రెండు గంటలు పేపరు చదవాలనుకోం కదా. ఇక్కడా అంతే. కొండిటొరైలో కాఫీ ఇస్తారు, కాఫీహౌస్‌లో కేకు ఇస్తారు, అందుకే మనలాంటి కొత్తవాళ్లకు తేడా తెలియదు. మీకు కేకు ముఖ్యమా, కుర్చీ ముఖ్యమా అన్నది ముందు తేల్చుకుంటే మిగతా ఎంపికంతా తేలికవుతుంది.

కేకు కోసమైతే: సాఖరా, డేమెలా?

వియన్నా అనగానే అందరూ అడిగేది సాఖర్ టోర్టె అనే చాక్లెట్ కేకు. 1832లో అప్పటి ఆస్ట్రియా ఛాన్సలర్ మెటర్నిక్ ప్రభువు ఇంటి విందు కోసం, వంట నేర్చుకుంటున్న 16 ఏళ్ల కుర్రాడు ఫ్రాంజ్ సాఖర్ దీన్ని మొదట చేశాడని చెబుతారు. ఆయన కొడుకు ఎడ్వర్డ్ డేమెల్ అనే పాత కొండిటొరైలో పని నేర్చుకుని, తర్వాత 1876లో ఆపెరా థియేటర్ వెనక హోటల్ సాఖర్ పెట్టాడు. దాంతో తరవాతి కాలంలో ‘అసలు కేకు మాది’ అని హోటలూ డేమెలూ కోర్టుకెక్కాయి. ఏళ్లపాటు నడిచిన ఆ గొడవ 1963లో రాజీతో ముగిసింది. ‘ఒరిజినల్’ అన్న మాట హోటల్‌కు దక్కింది. డేమెల్ తన కేకును ఎడ్వర్డ్ సాఖర్ టోర్టె పేరుతో, మూడు మూలల చాక్లెట్ ముద్ర వేసి అమ్ముకుంటుంది. హోటల్ కేకు మీద ముద్ర గుండ్రంగా ఉంటుంది.

ముద్ర సంగతి అలా ఉంచి నాలుకకు తెలిసే తేడా చెబుతాను. హోటల్ కేకులో ఆప్రికాట్ జామ్ రెండుచోట్ల ఉంటుంది: కేకును అడ్డంగా కోసి మధ్యలో ఒక పొర, పైన చాక్లెట్ పూత కింద ఇంకో పొర. డేమెల్ కేకులో పూత కింద మాత్రమే. ఆప్రికాట్ అంటే హైదరాబాద్ పెళ్లి భోజనాల్లో తినే ఖుబానీ కా మీఠాలో పండే. ఆ పులుపు అందిన మేరకు చాక్లెట్ వెగటు తగ్గుతుంది. అందుకని తీపిలో కాస్త పులుపు తగలాలనుకునేవాళ్లకు హోటల్ కేకు. చాక్లెటే ప్రధానంగా కావాలంటే డేమెల్ కేకు. రెండూ మన బేకరీ కేకుల్లా మెత్తగా, తడిగా ఉండవు. కాస్త పొడిగానే ఉంటాయి. పక్కన చక్కెర వేయని విప్డ్ క్రీమ్ పెట్టేది అందుకే. చాలామంది ఆ క్రీమ్‌ను పక్కకు నెట్టేసి ‘కేకు డ్రైగా ఉంది’ అంటారు. ప్రతి ముక్కకీ కొంచెం క్రీమ్ అద్దుకుని తినండి, వేరే కేకు అయిపోతుంది.

ఒక్కచోటికే వెళ్లగలిగితే నేను డేమెల్ అంటాను. కారణం ఆ కేకు కాదు, మిగతా గాజు బీరువా అంతా. 1786లో మొదలైన కొట్టు అది, రాజప్రాసాదానికి మిఠాయిలు పంపిన కొట్టు. ఆస్ట్రియా మహారాణి ఎలిజబెత్ (సిసి) ఇష్టపడిందని చెప్పే చక్కెర పట్టించిన వయొలెట్ పూలు ఇప్పటికీ చిన్న డబ్బాల్లో అమ్ముతారు. లోపల అద్దాల వెనక పనివాళ్లు కేకులు చేస్తుంటే నిలబడి చూడొచ్చు. అమ్మ అక్కడ పావుగంట కదల్లేదు. పైన హాల్లో కూర్చోవడానికి క్యూ ఉంటే, కింద కౌంటర్‌లో కట్టించుకుని బయటికొచ్చేయండి. రెండడుగులు వేస్తే హోఫ్‌బుర్గ్ ప్రాసాదం గుమ్మం. కొండిటొరైలో కుర్చీ కోసం గంట పోగొట్టుకోవడం నాకు సమ్మతం కాదు.

హోటల్ సాఖర్‌కు వెళ్లాల్సిన కారణం ఒకటుంది: ఇంటికి తీసుకెళ్లడానికి. చెక్కపెట్టెలో పెట్టి ఇస్తారు. క్రీమ్ లేని కేకు కాబట్టి ప్రయాణానికి తట్టుకుంటుంది, చిన్న సైజులూ ఉన్నాయి. ఎండాకాలంలో మన ఊరికి వస్తుంటే మాత్రం పైపూత కరుగుతుంది. పెట్టెను చెకిన్ బ్యాగులో వేయకుండా చేతి సంచిలో పెట్టుకోండి.

ఇక ఆప్ఫెల్‌ష్ట్రూడల్. ఆపిల్ ముక్కలు, ఎండుద్రాక్ష, దాల్చినచెక్క, వెన్నలో వేయించిన బ్రెడ్ పొడి కలిపి పల్చటి పొరలో చుట్టి కాల్చేది. ఇది దాదాపు ప్రతి చోటా బాగానే ఉంటుంది, దీనికోసం ప్రత్యేకంగా ఎక్కడికీ పరిగెత్తక్కర్లేదు. కానీ పిల్లలతో షోన్‌బ్రున్ ప్యాలెస్ చూడటానికి వెళితే, అక్కడి ఆవరణలో ష్ట్రూడల్ చేసి చూపించే చిన్న ప్రదర్శన ఉంది, అది మాత్రం వదలొద్దు. పిండి ముద్దను ముందు చేతుల వెనక భాగం మీద వేసి తిప్పుతూ సాగదీస్తారు, తర్వాత గుడ్డ పరిచిన బల్ల మీద అంచులు పట్టుకుని ఇంకా లాగుతారు. ఆ పొరలోంచి కింది గుడ్డ మీది గీతలు కనబడేసరికి అమ్మ ‘పూతరేకే!’ అంది. పూతరేకు వేడి కుండ మీద పుడుతుంది, ఇది పచ్చి పిండిని లాగితే పుడుతుంది, అంతే తేడా.

కుర్చీ కోసమైతే

ఇప్పుడు అసలు వియన్నా. ఒక కాఫీ చెప్పి మూడు గంటలు కూర్చోండి, ఎవరూ లేవమనరు. ఖాళీ గ్లాసు తీసుకెళ్లి మళ్లీ నీళ్లు తెచ్చిపెడతారు. మీరు అడగనిదే బిల్లు రాదు. కర్ర చట్రాలకు బిగించిన దినపత్రికలు గోడకు వేలాడుతుంటాయి, కావలసింది తెచ్చుకోవచ్చు. ఒకప్పుడు ఇరుకు గదుల్లో అద్దెకుండే జనానికి, రచయితలకు, విద్యార్థులకు వెచ్చగా కూర్చునే హాలు ఇదే. ఈ కాఫీహౌస్ సంస్కృతిని 2011లో ఆస్ట్రియా తన దేశపు యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చుకుంది. ఆ అలవాటు రుచి చూడాలంటే అది ఇంకా బతికి ఉన్నచోటికే వెళ్లాలి. క్యూ ఉన్నచోట అది బతకడం కష్టం.

కఫే సెంట్రల్ సంగతి ముందు చెప్పాలి, ఎందుకంటే ఫొటోల్లో చూసి అందరూ మొదట అడిగేది దాన్నే. 1876లో తెరిచారు. అంతకుముందు బ్యాంకు, స్టాక్ ఎక్స్చేంజి ఉన్న ఫెర్‌స్టెల్ భవనంలో, గుడి మంటపంలా స్తంభాలు, వాటి మీద కమానులు. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు వియన్నాలో ప్రవాసం ఉన్న రష్యా విప్లవకారుడు ట్రాట్‌స్కీ ఇక్కడ చదరంగం ఆడేవాడు. పీటర్ ఆల్టెన్‌బెర్గ్ అనే రచయిత తన ఉత్తరాలకు చిరునామాగా ఈ కఫేనే ఇచ్చుకున్నాడు. ఆయన బొమ్మ ఇప్పటికీ తలుపు దగ్గర బల్ల ముందు కూర్చుని ఉంటుంది. చూడదగ్గ చోటే, అందులో సందేహం లేదు. కానీ దాన్ని కట్టడంగా చూడండి. ముందే ఆన్‌లైన్‌లో బల్ల బుక్ చేసుకుని, మామూలు రోజున పొద్దున్నే టిఫిన్ వేళకు వెళ్లి, తలెత్తి ఆ కమానులు తనివితీరా చూసి, గంటలో వచ్చేయండి. శనివారం మధ్యాహ్నం, క్రిస్మస్ సంతల రోజుల్లో అటు వెళ్లకండి.

కూర్చోవడానికి నా ఓటు కఫే ష్పెర్ల్‌కి. 1880 నాటిది. ఆపెరా నుంచి నడిస్తే పావుగంట లోపే, గుంపెన్‌డోర్ఫర్ వీధిలో. చెక్క నేల, పాలరాతి బల్లలు, వంచిన చెక్కతో చేసిన తోనెట్ కుర్చీలు, నూలు అరిగిన సోఫాలు, మధ్యలో బిలియర్డ్స్ బల్లలు. ఆడని వేళ ఆ బల్లల మీద పత్రికలు పరిచి ఉంటాయి. మేం వెళ్లిన మధ్యాహ్నం కిటికీ పక్క మూలలో ఒక పెద్దాయన ఒక్కడే కూర్చుని చదువుకుంటున్నాడు. ఆయన బల్ల మీద వెండి పళ్లెం, తాగేసిన కప్పు, నీళ్ల గ్లాసు మీద బోర్లించిన చెంచా. మేం రెండు గంటలు కూర్చుని లేచేసరికి ఆయన అలాగే ఉన్నాడు, గ్లాసులో నీళ్లు మాత్రం నిండుగా ఉన్నాయి. నేను వియన్నా వెళ్లింది అది చూడటానికే అనిపించింది.

హవెల్కా ఇంకో స్వభావం. 1939లో లెయోపోల్డ్, యోజెఫీన్ హవెల్కా దంపతులు పెట్టారు. యుద్ధం తర్వాత చిత్రకారులకు, రచయితలకు అడ్డా అయింది. చీకటిగా, ఇరుకుగా, గోడల నిండా పాత పోస్టర్లు. 2019 నవంబరు నుంచి ఆస్ట్రియాలో హోటళ్లలో, కఫేల్లో సిగరెట్లు మానిపించారు కానీ, అంతకుముందు దశాబ్దాల పొగ రంగు ఆ గోడల్లో ఇంకా ఉంది. లెయోపోల్డ్ 2011లో నూరేళ్ల వయసులో పోయేవరకు ఈ చోటుకు ఆయనే ముఖం. పగలు వెళ్లకండి, రాత్రి వెళ్లండి, ఎందుకో చివర్లో చెబుతాను. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు, పిల్లల బండితో వచ్చేవాళ్లకు ఇది సరిపడదు.

పెద్దవాళ్లతో వెళితే ప్రూకెల్ మేలు. పాత ఊరిని చుట్టి ఉండే రింగ్ రోడ్డు మీద, ష్టూబెన్‌టోర్ మెట్రో స్టేషన్ దగ్గరే. 1950ల నాటి అలంకరణ, పెద్ద కిటికీలు, విశాలమైన హాలు, బల్లల మధ్య చోటు. పాతకాలపు దర్జా తక్కువ కాబట్టి టూరిస్టుల తాకిడీ తక్కువే. లాండ్‌మన్ (1873) బుర్గ్ థియేటర్ పక్కన ఉంటుంది. మనోవిశ్లేషణ శాస్త్రవేత్త ఫ్రాయిడ్ వచ్చేవాడని పేరు. శుభ్రంగా, మర్యాదగా, కొంచెం ఖరీదుగా ఉంటుంది. ఆ పక్క సిటీ హాల్ చూడటానికి వెళ్లి అలిసిపోతే సరే, దానికోసమే వెళ్లక్కర్లేదు. పిల్లలు ఆకలని ఏడుస్తుంటే ఇవేవీ వద్దు. గులాబీ రంగు బోర్డుతో ఊరంతా ఉండే ఐడా దుకాణాల్లో దేంట్లోనైనా దూరండి, 1913 నుంచి ఉన్న సంస్థ, చేతికి తొందరగా అందుతుంది.

ఫిల్టర్ కాఫీ నాలుకకు ఏ కాఫీ?

మనవాళ్లకు ఇక్కడే టెన్షన్. మెనూలో ‘కాఫీ’ అని ఉండదు, పదిహేను పేర్లుంటాయి.

అందరూ చెప్పేది మెలాంష్. ఎస్ప్రెసోలో వేడిపాలు పోసి పైన నురగ. కాపుచినోకి అన్నదమ్ముడు. చికరీ వేసిన చిక్కటి డికాషన్‌కు అలవాటుపడ్డవాళ్లకు ఇది పల్చగా అనిపిస్తుంది. అమ్మ మొదటిరోజు రెండు గుక్కలు తాగి ‘పాలు బాగున్నాయి, కాఫీ ఏదీ?’ అంది. మీకూ అలాగే అనిపిస్తే గ్రోసర్ బ్రౌనర్ అడగండి. డబుల్ ఎస్ప్రెసో, పక్కన చిన్న గిన్నెలో పాలో క్రీమో ఇస్తారు, ఎంత పోసుకోవాలో మన చేతిలో ఉంటుంది. మిగిలిన మూడు రోజులూ అమ్మ దాంతోనే గడిపింది. చేదు అసలు పడనివాళ్లు ఫెర్లెంగర్టర్ చెప్పొచ్చు, నీళ్లు కలిపి పలచన చేసింది.

నాకిష్టమైంది ఐన్‌ష్పెనర్. పిడి ఉన్న గాజు గ్లాసులో నల్ల కాఫీ, పైన రెండంగుళాల విప్డ్ క్రీమ్. ఈ పేరుకు అర్థం ఒంటి గుర్రపు బండి, అంటే మన జట్కా. బండివాళ్లు ఒక చేత్తో కళ్లెం, ఇంకో చేత్తో గ్లాసు పట్టుకునేవారని, క్రీమ్ మూతలా ఉండి కాఫీ చల్లారకుండా కాపాడేదని చెబుతారు. దీన్ని కలపకూడదు. పెదవికి చల్లటి క్రీమ్ తగలాలి, దాని కిందనుంచి వేడి చేదు రావాలి. కలిపేశారంటే గోరువెచ్చటి పాలకాఫీ అయిపోతుంది.

కాఫీతో ఇచ్చే నీళ్లు నిర్భయంగా తాగండి. 1873 నుంచి ఆల్ప్స్ కొండల ఊటల నీళ్లు గొట్టాల ద్వారా ఈ ఊరికి వస్తున్నాయి. కొళాయి నీళ్లే అంత తియ్యగా ఉంటాయి.

గుడ్డు తినని వాళ్లకు ఒక మాట. టోర్టె అన్న పేరున్న ప్రతిదాంట్లోనూ గుడ్డు ఉందనే అనుకోండి. సాఖర్ టోర్టె పొంగేదే గుడ్డు తెల్లసొన వల్ల. ష్ట్రూడల్ పొరను పాత పద్ధతిలో పిండి, నీళ్లు, నూనె, ఉప్పుతోనే చేస్తారు, అయినా ఒక్కో చోట ఒక్కో తీరు, అడిగే తినాలి. ‘ఓనె అయ్?’ అంటే ‘గుడ్డు లేకుండానా?’ అని. చీజ్, పెరుగు కేకుల్లో జెలటిన్ ఉండొచ్చు. మద్యం విషయం ఇంకా జాగ్రత్త: గులాబీ రంగులో ముద్దుగా కనిపించే పున్ష్‌క్రాప్ఫెన్‌లో రమ్ము ఉంటుంది, పిల్లలు అదే కావాలంటారు. ష్ట్రూడల్‌లోని ఎండుద్రాక్షను రమ్ములో నానబెట్టడమూ ఉంది. ఫియాకర్, మరియా థెరీజియా అనే కాఫీల్లోనూ మద్యం కలుస్తుంది. ‘ఓనె అల్కొహోల్’ అన్న మాట నేర్చుకుని వెళ్లండి.

ఖర్చు: పేరున్నచోట ఇద్దరికి రెండు కాఫీలు, రెండు కేకులంటే 30 యూరోల దాకా లెక్కేసుకోండి. ష్పెర్ల్, ప్రూకెల్ లాంటి చోట్ల కాస్త తగ్గుతుంది. ‘ట్సాలెన్, బిట్టె’ అంటే బిల్లు తెస్తారు. టిప్పు బల్ల మీద వదిలేసి రావడం కాదు, పదిశాతం లోపు కలిపి మొత్తం ఎంత తీసుకోవాలో నోటితో చెప్పాలి. కొంచెం నగదు దగ్గర ఉంచుకోండి. వెయిటర్‌ను చిటికె వేసి పిలవకండి, కంటి చూపు కలిస్తే చాలు, ఆయనకు తెలుసు.

బుడాపెస్ట్ కూడా వెళుతుంటే

వియన్నా నుంచి రైల్లో మూడు గంటల లోపే కాబట్టి చాలామంది రెండూ కలిపి చూస్తారు. అక్కడ 1894 నాటి న్యూయార్క్ కఫే బంగారు పూతలతో కళ్లు చెదరగొడుతుంది. అది సెంట్రల్‌కు అన్నలాంటిది, క్యూతో సహా. నేనైతే కోట కొండ మీద 1827 నుంచి ఉన్న రుస్‌వుర్మ్ అనే బుల్లి మిఠాయి కొట్టుకే వెళ్లమంటాను. రెండు పలచటి కరకర పొరల మధ్య కస్టర్డ్ పెట్టిన క్రేమెష్ అక్కడి ప్రత్యేకం. ఇంకోటి, డోబోష్ టోర్టా. 1885లో బుడాపెస్ట్ ప్రదర్శనలో యోజెఫ్ డోబోష్ చూపించిన కేకు, పలచటి కేకు పొరల మధ్య చాక్లెట్ వెన్న క్రీమ్, పైన గాజులా గట్టిపడ్డ కారమెల్ పలక. ఫ్రిజ్‌లు లేని రోజుల్లో ఆ పలక కేకును ఎండిపోకుండా కాచేది. సాఖర్ టోర్టె పొడిగా ఉందని నిరాశపడ్డవాళ్లకు ఇది నచ్చుతుంది. కూర్చునే విషయంలో మాత్రం నేను వియన్నా వైపే.

వియన్నాలో ఒక్క రోజే ఉన్నవాళ్లు నన్నడిగితే ఇలా చెబుతాను. పొద్దున ఎనిమిదిన్నరకు బుక్ చేసుకున్న బల్లకు సెంట్రల్‌లో కాఫీ మాత్రమే తాగండి, కేకు వద్దు. అక్కడి నుంచి కొద్ది నిమిషాల నడకలో డేమెల్. అద్దాల వెనక పని చూసి, రెండు రకాల ముక్కలు కట్టించుకోండి. మధ్యాహ్నం మ్యూజియంలు అయ్యాక, కాళ్లు లాగేస్తున్నప్పుడు ష్పెర్ల్‌కు వెళ్లి, ఫోను సంచిలో పెట్టేసి, చీకటి పడేదాకా కూర్చోండి. రాత్రి ఎనిమిది దాటాక హవెల్కా. ఆ వేళకే అక్కడ బుఖ్‌టెల్న్ వస్తాయి. ఈస్ట్ పిండితో చేసిన చిన్న చిన్న బన్నులు, ఒకే పళ్లెంలో ఒకదానికొకటి అతుక్కుని కాలినవి, లోపల నల్లటి ప్లమ్ జామ్, పైన చక్కెర పొడి. యోజెఫీన్ హవెల్కా ముసలితనంలోనూ తన చేత్తో కాల్చిన వంటకం అది. వంటింటి వైపు నుంచి వెన్న వాసన ముందు వస్తుంది, పళ్లెం తర్వాత వస్తుంది. వేడిగా ఉండగానే చేత్తో విడదీయండి, కానీ నోట్లో పెట్టుకునే ముందు ఒక్క నిమిషం ఆగండి. లోపలి జామ్ నాలుక కాల్చేస్తుంది.